శుద్ధిలో పుట్టే మలినం

తాగునీటిని పాడుచేసేవి ఏమిటని అడిగితే ఎవరైనా చెప్పేవి బయటినుంచి వచ్చి కలిసేవే: భూగర్భంలోని ఫ్లోరైడ్, పొలాల మీదుగా జారివచ్చే పురుగుమందు, పగిలిన గొట్టంలోకి చొరబడే మురుగు, పరిశ్రమ వదిలే వ్యర్థం. వీటికి భిన్నంగా, ఏటిలోనూ చెరువులోనూ లేకుండా, నీరు శుద్ధికేంద్రంలోకి వచ్చాకే పుట్టి, కుళాయి దాకా దారిపొడవునా పెరుగుతూ పోయే కలుషితాల వర్గం ఒకటుంది. సూక్ష్మజీవులను చంపడానికి కలిపే క్లోరిన్, ఆ నీటిలోనే కరిగి ఉన్న ఆకుల, నాచుల, మట్టి సారంతో చర్య జరిపినప్పుడు ఏర్పడే ఈ పదార్థాలకు క్రిమినిర్మూలన ఉపఉత్పన్నాలని పేరు. ఇప్పటిదాకా గుర్తించినవే 600 పైచిలుకు ఉండగా, ప్రపంచంలోని చట్టాలు పరిమితి విధించి కొలిపించేవి వాటిలో వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే.

ఇది వినగానే తప్పంతా క్లోరిన్‌దేనన్న తీర్పు చాలామంది నోటికి వస్తుంది. నూరేళ్లు పైబడిన నీటిశుద్ధి చరిత్రను, ముఖ్యంగా అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014, 2015 సంవత్సరాల్లో జరిగినదాన్ని వరుసగా పరిశీలిస్తే ఆ తీర్పు నిలవదు. క్లోరిన్‌కు ముందు చేయవలసిన పని నీటిలోని సేంద్రియ పదార్థాన్ని తీసివేయడం. క్లోరిన్ తరువాత చేయవలసిన పని గొట్టాలను పదిలంగా చూసుకోవడం. ఈ రెండింటిలో ఎక్కడ లోపం జరిగినా దాన్ని మరికాస్త క్లోరిన్‌తో పూడ్చాలని చూసే అలవాటు నీటి సరఫరా సంస్థల్లో పాతుకుపోయింది. ఈ కలుషితాల సమస్యకు మూలం ఆ అలవాటులోనే ఉంది.

క్లోరిన్ చేసిన మేలు ముందు చెప్పుకోకపోతే మిగిలిన చర్చకు తూకం తప్పుతుంది. ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో 1905లో టైఫాయిడ్ చెలరేగినప్పుడు అలెగ్జాండర్ హ్యూస్టన్ నీటిలో హైపోక్లోరైట్ కలిపించాడు. అమెరికాలో జాన్ లీల్ అనే వైద్యుడు 1908 సెప్టెంబరులో, జెర్సీ సిటీకి నీరిచ్చే బూంటన్ జలాశయం దగ్గర బ్లీచింగ్ పౌడర్ ద్రావణాన్ని కలపడం మొదలుపెట్టాడు. ఆ నీటి నాణ్యత గురించే న్యాయస్థానంలో వ్యాజ్యం నడుస్తుండగా, ఎవరి అనుమతీ అడగకుండా చేసిన ఈ పనిని చివరికి ఆ న్యాయస్థానమే సమర్థించింది. తరువాతి కొద్ది దశాబ్దాల్లో అక్కడి నగరాల్లో టైఫాయిడ్ మరణాలు అరుదైపోయాయి. ఇసుక వడపోతకు, మురుగు పారుదలకు, పాల శుద్ధికి కూడా అందులో వాటా ఉందన్నది నిజమే అయినా, ఇంత చవగ్గా, ఇంత త్వరగా, ఇందరి ప్రాణాలు కాపాడిన ప్రజారోగ్య చర్యలు చరిత్రలో బహుకొద్ది. అంతటి విజయాన్ని చూశాక, ఆ క్లోరిన్ నీటిలో ఇంకేం చేస్తోందో చూడాలన్న ఆలోచన దాదాపు 65 ఏళ్లపాటు ఎవరికీ రాలేదు. వచ్చినా చూడటానికి తగిన పరికరాలు ఆనాడు లేవు.

రాటర్‌డామ్‌లో బయటపడిన సంగతి

ఆ చూపు మొదట సారించినవాడు నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ జలమండలి రసాయనవేత్త యోహానెస్ రూక్. అప్పట్లో ఆ నగరం తాగేది రైన్ నది నీరు. జర్మనీ పరిశ్రమల వ్యర్థాలన్నీ మోసుకొచ్చే ఆ నీటి రుచి, వాసనల మీద ఫిర్యాదులకు కొదవ ఉండేది కాదు. సీసాలో ద్రవం పైన మిగిలే ఖాళీలోకి చేరిన ఆవిరిని తీసి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే పరికరంలోకి పంపి, అందులోని పదార్థాలను విడివిడిగా గుర్తించే పద్ధతి బీరు పరిశ్రమలో వాసనల విశ్లేషణకు వాడుకలో ఉండగా, రూక్ దాన్ని తాగునీటికి వర్తింపజేశాడు. క్లోరిన్ కలపకముందు నీటిలో కనిపించని క్లోరోఫామ్, కలిపిన తరువాత కనిపించింది. కారణం పారిశ్రామిక వ్యర్థమా అన్న సందేహం తీర్చుకోవడానికి అతడు కుళ్లిన మొక్కల మట్టి సారాన్ని నీటిలో కలిపి క్లోరిన్ పట్టించి చూస్తే, అందులోనూ అదే పుట్టింది. అంటే పరిశ్రమ అన్నదే లేని అడవి మధ్యలోని సెలయేటి నీటికి క్లోరిన్ కలిపినా ఈ చర్య తప్పదన్నమాట.

రూక్ పత్రం 1974లో వెలువడింది. అదే ఏడాది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు చెందిన బెల్లార్, లిక్టెన్‌బర్గ్, క్రోనర్ అనే శాస్త్రవేత్తలు కూడా విడిగా ఇదే నిర్ధారణకు వచ్చారు. ఆ ఏడాది చివర, మిసిసిపీ నది నీరు తాగే లూసియానా ప్రజల్లో క్యాన్సర్ మరణాలు ఎక్కువగా ఉన్నాయన్న ఒక నివేదిక పత్రికల్లోకి ఎక్కి, న్యూ ఆర్లీన్స్ నగరంలో కలవరం రేపింది. కాంగ్రెస్‌లో అప్పటిదాకా నలుగుతున్న సురక్షిత తాగునీటి చట్టం మీద 1974 డిసెంబరు 16న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేశాడు. మరుసటి ఏడు 80 నగరాల నీటిని పరీక్షిస్తే, శుద్ధిచేసిన నీటిలో క్లోరోఫామ్ ఆ అన్నిటిలోనూ తేలింది. 1979లో అమెరికా క్లోరోఫామ్ జాతి పదార్థాల మొత్తానికి లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలో వంతు. 1998లో దాన్ని 80కి తగ్గించి, ఇలాగే పుట్టే మరో అయిదు ఆమ్లాల మొత్తానికి 60 మైక్రోగ్రాముల హద్దు చేర్చారు. 2006 నాటి సవరణ, ఊరంతటి సగటుతో సరిపెట్టుకోవడం కుదరదని, నమూనా తీసే ప్రతి చోటా విడివిడిగా వార్షిక సగటు హద్దు లోపలే ఉండాలని నిర్దేశించింది. అంకెల్లో మార్పు కన్నా ఈ చివరి మార్పే పెద్దది. ఊరి సగటు బాగుంటే చాలన్న లెక్కలో, శుద్ధికేంద్రం పక్క వీధిలోని మంచి నీరు లైను చివరి వీధిలోని చెడ్డ నీటిని కాగితం మీద కప్పిపుచ్చేది.

రసాయన చర్య సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. క్లోరిన్ వాయువు గానీ బ్లీచింగ్ పౌడర్ గానీ నీటిలో కలిసినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లమే సూక్ష్మజీవులను చంపే అసలు మందు. ఆకులు రాలి నానిన కుంటలో నీరు పలుచని టీ డికాషన్ రంగుకు తిరగడానికి కారణమైన హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలను కూడా అది అదే ఊపులో విరగ్గొడుతుంది. అవి మొక్కల అవశేషాలు కుళ్లగా మిగిలే పెద్ద పెద్ద కర్బన అణువులు. విరిగిన తునకల్లో కొన్నిటికి క్లోరిన్ అతుక్కుంటుంది. ఒకే కర్బన పరమాణువుకు మూడు క్లోరిన్‌లు అతుక్కుంటే క్లోరోఫామ్. నీటిలో బ్రోమైడ్ లవణం ఉంటే, కొన్ని క్లోరిన్‌ల స్థానాన్ని గానీ, మూడింటి స్థానాన్నీ గానీ బ్రోమిన్ ఆక్రమించగా మరో మూడు పదార్థాలు. ఈ నాలుగింటిని కలిపి ట్రైహాలోమీథేన్లు అంటారు. వీటికి తోబుట్టువుల వంటివి హాలోఎసిటిక్ ఆమ్లాలు. మొదటివి ఆవిరై గాలిలోకి పోయే గుణం గలవి కాగా, రెండోవి నీటిని వదలవు.

బ్రోమైడ్ పాత్రను తక్కువగా చూడటం పొరపాటు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది కనుక, ఉప్పునీరు ఎగదన్నే తీరప్రాంతాల్లో మంచినీటిలోకి అది కొద్దిగా చేరినా ఉపఉత్పన్నాల స్వభావమే మారిపోతుంది. బ్రోమిన్ గలవి క్లోరిన్ గలవాటికన్నా త్వరగా ఏర్పడతాయి, వాటిలో చాలావాటి విషగుణమూ ఎక్కువే. లాస్ ఏంజిలస్ నగరంలో 2007లో ఎదురైన చిక్కు ఇలాంటిదే. శుద్ధిచేసి క్లోరిన్ కలిపిన నీటిని పైకప్పు లేని జలాశయాల్లో నిలవ ఉంచితే, అందులోని బ్రోమైడ్ ఎండ తగిలి బ్రోమేట్ అనే అనుమానిత క్యాన్సర్‌కారకంగా మారింది. రెండు జలాశయాల నీటిని పారబోయవలసి రాగా, 2008లో ఐవన్‌హో జలాశయం మీద ఎండ పడకుండా నాలుగు లక్షల నల్లని ప్లాస్టిక్ బంతులు పరిచారు.

నీరు వేడెక్కినకొద్దీ, క్లోరిన్‌తో గడిపే సమయం పెరిగినకొద్దీ ట్రైహాలోమీథేన్లు పెరుగుతాయి. అందువల్ల శుద్ధికేంద్రం గుమ్మంలో తీసిన నమూనా దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది; రెండు రోజులు ట్యాంకుల్లో, గొట్టాల్లో గడిపి చివరి ఇంటికి చేరిన నీటి మాట వేరు. నమూనా తీసే పద్ధతిలోనే ఈ చర్య స్వభావమంతా తెలిసిపోతుంది. 40 మిల్లీలీటర్ల చిన్న గాజుసీసాలో ముందుగానే సోడియం థయోసల్ఫేట్ గానీ ఆస్కార్బిక్ ఆమ్లం గానీ చిటికెడు వేసి ఉంచుతారు. మిగిలిన క్లోరిన్‌ను అది ఆర్పకపోతే, సీసా ప్రయోగశాల చేరేలోపు దారిలోనే మరికొంత క్లోరోఫామ్ పుట్టి లెక్క తప్పుతుంది. కుళాయి మూతికి ఉన్న జల్లెడ విప్పి, కాసేపు వదిలాక, ధారను సన్నం చేసి, నురుగు లేవకుండా సీసాను అంచు దాకా నింపి, పైన నీరు గుబ్బలా నిలిచినప్పుడు మూత బిగిస్తారు. సీసాను తలకిందులు చేసి వేలితో తట్టి చూసినప్పుడు ఒక్క గాలిబుడగ కనిపించినా ఆ నమూనా పనికిరాదు, ఎందుకంటే క్లోరోఫామ్ నీటిని విడిచి ఆ బుడగలోకి చేరిపోతుంది.

ప్రమాదం ఏపాటిది?

ఈ ప్రశ్నకు సమాధానం అర్ధశతాబ్దంగా ఒకసారి బిగుస్తూ, ఒకసారి సడలుతూ వచ్చింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1976లో ఎలుకలకు, చుంచెలుకలకు క్లోరోఫామ్‌ను మొక్కజొన్న నూనెలో కలిపి గొంతులోకి పట్టించినప్పుడు కణితులు పుట్టాయి. దాదాపు పదేళ్ల తరువాత అదే పదార్థాన్ని చుంచెలుకలకు తాగే నీటిలో కలిపి ఇస్తే కాలేయ కణితులు పెరగలేదు. ఒక్కసారిగా పెద్దమోతాదులో కాలేయం మీద పడి కణాలను చంపితే తప్ప క్లోరోఫామ్ క్యాన్సర్ కలిగించదన్న అభిప్రాయం దీంతో బలపడింది. కుళాయినీటి క్లోరోఫామ్‌కు సురక్షిత స్థాయి అన్నదే లేదన్న ప్రాతిపదికన పర్యావరణ సంస్థ పెట్టుకున్న 'శూన్యం' లక్ష్యాన్ని 2000లో అక్కడి అప్పీలు న్యాయస్థానం కొట్టివేయడానికి ఈ ఆధారాలే కారణం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్లోరోఫామ్‌ను, బ్రోమోడైక్లోరోమీథేన్‌ను, డైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో ఉంచింది. అది 'కలిగిస్తాయి' అనే జాబితా కాదు.

క్లోరోఫామ్‌ను నిర్దోషిగా వదిలేసినంతమాత్రాన నీరు నిర్దోషి కాదు. దశాబ్దాలపాటు క్లోరిన్ కలిపిన ఉపరితల జలాలు తాగిన జనాభాల్లో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపిస్తోందని యూరప్, ఉత్తర అమెరికా అధ్యయనాలు పదేపదే చెబుతున్నాయి. 2004లో విలన్యుయేవా బృందం అనేక అధ్యయనాల దత్తాంశాలను కలిపి విశ్లేషించినప్పుడు పురుషుల్లో ఈ సంబంధం స్పష్టంగా తేలగా, స్త్రీలలో అంతగా తేలలేదు. కారకం ఏదో ఇదమిత్థంగా తెలియని ఈ స్థితిలో ట్రైహాలోమీథేన్లను కొలవడం వాటి సొంత విషం కోసమే కాదు. అవి ఎక్కువగా ఉన్న నీటిలో కొలవని వందలాది బంధువులూ ఎక్కువగానే ఉంటాయన్న అంచనాతో వాటిని ఆనవాలుగా వాడుతున్నారు. క్లోరోఫామ్ శరీరంలోకి చేరేది తాగడం వల్లనే కాదు. వేడినీటి స్నానంలో ఆవిరిగా ఊపిరితిత్తుల్లోకి, చర్మం గుండా రక్తంలోకి చేరే మొత్తం తాగినదానితో సమానంగానో, అంతకు మించో ఉండవచ్చు. నీటిని మరిగిస్తే ట్రైహాలోమీథేన్లు చాలావరకు ఎగిరిపోతాయి గానీ హాలోఎసిటిక్ ఆమ్లాల్లో కొన్ని మిగిలిన నీటిలో కాస్త చిక్కబడతాయి.

దీనికి పక్కనే పెట్టి చూడవలసిన లెక్క మరొకటుంది. 1991లో పెరూ దేశంలో కలరా వ్యాపించి, ఆ ఒక్క ఏడాదే మూడు లక్షలకు పైగా జబ్బుపడగా దాదాపు మూడు వేలమంది మరణించారు. ఉపఉత్పన్నాల భయంతో క్లోరిన్ ఆపేయడమే అందుకు కారణమన్న కథనం బాగా ప్రచారంలోకి వచ్చింది గానీ, తరువాతి పరిశీలనలో అది అతిశయోక్తి అని తేలింది. శిథిలమైన సరఫరా వ్యవస్థ, అసలు క్లోరినేషనే సరిగా లేకపోవడం ముఖ్య కారణాలు. కథనం సంగతి ఎలా ఉన్నా, క్లోరిన్ లేని నీరు కొద్ది రోజుల్లోనే మనుషులను చంపగలదనీ, ఉపఉత్పన్నాల ముప్పు కొన్ని దశాబ్దాల వాడకం మీద స్వల్పంగా పేరుకునేదనీ అందరూ అంగీకరిస్తారు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేయకూడదు. రెండోది చిన్నదని మొదటిదాన్ని అడ్డుపెట్టుకుని వదిలేయకూడదు కూడా.

ఫ్లింట్‌లో జరిగిన క్రమం

ఫ్లింట్ పేరు వినగానే సీసం గుర్తుకొస్తుంది. నిజానికి మిషిగన్ రాష్ట్రంలోని ఆ లక్షమంది నగరంలో సీసం సంగతి బయటపడకముందే నగరపాలక సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకున్న ఉల్లంఘన ఒకటుంది, అది ట్రైహాలోమీథేన్లది. దశాబ్దాలుగా డెట్రాయిట్ జలమండలి నుంచి హ్యూరన్ సరస్సు నీటిని కొనుక్కుంటున్న ఫ్లింట్, ఆర్థిక సంక్షోభం వల్ల రాష్ట్రం నియమించిన అత్యవసర నిర్వాహకుల ఏలుబడిలో ఉన్న కాలంలో, కొత్త పైపులైను పూర్తయ్యేదాకా ఖర్చు తగ్గించుకునే ఉద్దేశంతో 2014 ఏప్రిల్ 25న తన పాత శుద్ధికేంద్రాన్ని నడిపి ఫ్లింట్ నది నీటిని వాడటం మొదలుపెట్టింది. సరస్సు నీటితో పోలిస్తే నది నీటిలో సేంద్రియ పదార్థం ఎక్కువ, రుతువును బట్టి మార్పులు ఎక్కువ, గొట్టాలను తినేసే క్లోరైడ్ పలు రెట్లు ఎక్కువ. గొట్టాల లోపలి గోడకు రక్షణపొరగా పనిచేసే ఫాస్ఫేట్‌ను డెట్రాయిట్ కలిపేది, ఫ్లింట్ కలపలేదు.

తరువాతి పరిణామాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. సేంద్రియ పదార్థాన్ని తేర్చడానికి వాడిన ఫెర్రిక్ క్లోరైడ్ వల్ల నీటిలో క్లోరైడ్ ఇంకా పెరిగింది. రక్షణ లేని పాత ఇనుప గొట్టాలు తుప్పుపట్టి నీరు ఎర్రబారింది. ఆ తుప్పు క్లోరిన్‌ను తినేసే పదార్థం కనుక, కేంద్రం దగ్గర కలిపిన క్లోరిన్ దూరపు వీధులకు చేరేసరికి అడుగంటేది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మలసంబంధ సూక్ష్మజీవులు నీటిలో కనిపించగా, కాచి తాగమని హెచ్చరికలు వెలువడ్డాయి. అధికారులకు తెలిసిన విరుగుడు క్లోరిన్ మోతాదు పెంచడమే. సేంద్రియ పదార్థం నిండుగా ఉన్న వేసవి నీటిలో ఆ పెంచిన క్లోరిన్ ట్రైహాలోమీథేన్లను హద్దు దాటించింది. తగ్గిస్తే బాక్టీరియా, పెంచితే క్లోరోఫామ్, ముందు నుయ్యి వెనుక గొయ్యి. అక్టోబరులో జనరల్ మోటార్స్ తన ఇంజిన్ల కర్మాగారంలో యంత్రభాగాలు తుప్పుపడుతున్నాయని ఫ్లింట్ నీటిని మానుకుంది. ఇనుమును తింటున్న నీరు ఇళ్లకు కూడా వెళ్తోందన్న ఆలోచన అప్పటికైనా రావలసింది.

2015 జనవరి 2న నగరవాసులకు పంపిన నోటీసులో, నీటిలో ట్రైహాలోమీథేన్లు పరిమితిని మించాయనీ, ఇది తక్షణ ప్రమాదం కాదనీ, అయితే వృద్ధులు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవారు వైద్యులను సంప్రదించవచ్చనీ ఉంది. ఆ ఏడాది వేసవిలో శుద్ధికేంద్రంలో సూక్ష్మ రంధ్రాల బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్ పొరను వడపోతకు అమర్చి ఆ సమస్యను అదుపులోకి తెచ్చారు గానీ, మూలమైన తుప్పు అలాగే సాగింది. 2015 సెప్టెంబరులో వర్జీనియా టెక్ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ బృందం కుళాయినీటిలో, శిశువైద్యురాలు మోనా హన్నా అటీషా పిల్లల రక్తంలో సీసం పెరిగిన సంగతి బయటపెట్టాకే అక్టోబరు 16న నగరం మళ్లీ డెట్రాయిట్ నీటికి మారింది. ఈలోగా 90 మందికి దాకా సోకిన లెజియనీర్స్ వ్యాధి, అంటే నీటి తుంపరల ద్వారా ఊపిరితిత్తులకు చేరే న్యుమోనియా, 12 మందిని బలిగొంది. గొట్టాల్లో క్లోరిన్ నిలవకపోవడానికీ దానికీ సంబంధం ఉందని పరిశోధకులు చూపించారు.

ఎక్కువ క్లోరిన్ వల్ల వచ్చే కీడు, చాలని క్లోరిన్ వల్ల వచ్చే కీడు ఒకే ఊళ్లో, ఒకే కాలంలో, ఒకే గొట్టాల్లో కలిసి కనిపించిన ఉదాహరణ ఇది. 2016లో మరో అధ్యాయం చేరింది. స్నానపు నీటిలోనూ విషముందన్న ప్రచారంతో కొందరు స్నానాలు, చేతులు కడుక్కోవడం తగ్గించారు. అదే ఏడాది ఆ ప్రాంతంలో షిగెల్లా విరేచనాలు వ్యాపించినప్పుడు, ఈ మానివేతకూ అందులో పాత్ర ఉండవచ్చని ఆరోగ్యాధికారులు అనుమానించారు.

ట్రైహాలోమీథేన్లను తగ్గించే దగ్గరదారి వెతికినవారికి ఎదురైన అనుభవం మరొకటి వాషింగ్టన్ నగరానిది. కొత్త పరిమితులకు లోబడటానికి 2000 నవంబరులో ఆ నగరం గొట్టాల్లోని నీటికి క్లోరిన్ బదులు, అది అమ్మోనియాతో కలిసినప్పుడు ఏర్పడే క్లోరమీన్‌ను వాడటం మొదలుపెట్టింది. క్లోరమీన్ నెమ్మది మనిషి. సేంద్రియ పదార్థంతో అంతగా చర్య జరపదు కనుక ట్రైహాలోమీథేన్లు తగ్గాయి. కానీ క్లోరిన్ తీక్షణత వల్ల సీసపు గొట్టాల లోపల ఏళ్లతరబడి గట్టిపడి ఉన్న సీసపు డయాక్సైడ్ పొర, ఆ తీక్షణత పోయేసరికి కరగడం మొదలై, సీసం వేలాది ఇళ్ల నీటిలోకి చేరింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయిన ఈ సంగతి 2004లో పత్రికల్లో వచ్చాకే జనానికి తెలిసింది. ఆ ఏడాది ఫాస్ఫేట్ కలపడం మొదలుపెట్టాక సీసం క్రమంగా తగ్గింది.

పటిక దగ్గరే ఉన్న కిటుకు

సరైన పరిష్కారం చాలావరకు పాతదే. ఏ శుద్ధికేంద్రంలోనైనా జార్ టెస్ట్ అనే పరీక్ష జరుగుతుంది: ఆరు గాజుపాత్రల్లో ముడినీరు పోసి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక ద్రావణం వేసి, రెక్కలతో ముందు వేగంగా, తరువాత మెల్లగా తిప్పి ఆపితే, మడ్డి చిన్న చిన్న ముద్దలుగా కట్టి అడుగుకు దిగుతుంది; ఏ పాత్రలో నీరు అతి తక్కువ పటికతో తేటబడిందో ఆ మోతాదునే ఆ రోజుకు ఖాయం చేస్తారు. ఇక్కడే ఒక సూక్ష్మం జారిపోతుంది. నీటిని తేటపరచడానికి చాలిన పటిక, కరిగి కంటికి కనపడకుండా ఉన్న సేంద్రియ పదార్థాన్ని తొలగించడానికి చాలదు. ఇంకాస్త పటిక వేసి, నీటి ఆమ్లగుణాన్ని సరిచూసుకుంటే అందులో గణనీయమైన భాగం మడ్డితోపాటే దిగిపోతుంది. పాత్రల్లోని నీటిని వడగట్టి 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటోందో కొలిస్తే, ఏది ఎంత సేంద్రియ పదార్థాన్ని వదిలించుకుందో నిమిషాల్లో తెలుస్తుంది. అందుకు వాడే స్పెక్ట్రోఫోటోమీటర్ ఏ జిల్లాస్థాయి ప్రయోగశాలకైనా అందని వస్తువు కాదు.

దీనికన్నా చవకైనది క్లోరిన్ కలిపే చోటును మార్చడం. నాచు పెరగకుండా ఉంటుందని ముడినీరు లోపలికి వస్తుండగానే క్లోరిన్ పట్టించే పద్ధతి అనేక కేంద్రాల్లో ఉంది. ఆకుల సారం, నాచు, బురద అన్నీ ఉన్న నీటికి ముందే క్లోరిన్ కలపడమంటే ఉపఉత్పన్నాలకు ముడిసరుకును పుష్కలంగా అందించడమే. వడపోత పూర్తయ్యాక కలిపితే చంపవలసిన సూక్ష్మజీవులే తక్కువ, చర్య జరపడానికి మిగిలిన పదార్థమూ తక్కువ. క్లోరిన్ కూడా తక్కువే పడుతుంది.

ఈ తర్కాన్ని చివరంటా తీసుకుపోయిన దేశం, రూక్ స్వదేశమైన నెదర్లాండ్సే. ఆమ్‌స్టర్‌డామ్ 1983లో గొట్టాల నీటిలో క్లోరిన్ మానేయగా, 2005 నాటికి దేశంలో క్రిమినిర్మూలనకు క్లోరిన్ వాడకం దాదాపు ముగిసింది. ఇసుకదిబ్బల గుండా ఇంకించడం, బొగ్గు వడపోత, అతినీలలోహిత కాంతి వంటి అంచెలతో సూక్ష్మజీవులకు ఆహారమే లేనంత శుభ్రంగా నీటిని తయారుచేసి, అతి తక్కువ లీకులున్న గొట్టాల్లో రాత్రింబవళ్లు ఒత్తిడి తగ్గకుండా పంపడం వల్లే అది సాధ్యమైంది. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపు లీకు నుంచి నీరు బయటికే పోతుంది గాని, బయటి మురుగు లోపలికి రాదు. క్లోరిన్ లేని నీరు వినడానికి బాగుంటుంది. దాని వెనుక ఉన్న గొట్టాల క్రమశిక్షణ లేకుండా ఆ మాట ఎత్తడం ప్రమాదకరం.

కృష్ణా, గోదావరి నీటి సంగతి

తెలుగు నగరాల్లో ఈ చర్చ పదునెక్కేది సరిగ్గా ఇక్కడే. హైదరాబాద్ తాగే నీటిలో అధికభాగం ఇప్పుడు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నుంచి కాక, వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని నాగార్జునసాగర్, ఎల్లంపల్లి జలాశయాల నుంచి వస్తోంది. అంత దూరం ప్రయాణించిన నీటిలో క్లోరిన్ నిలవదు కనుక దారిలోనూ రిజర్వాయర్ల దగ్గరా మళ్లీ కలపక తప్పదు. అనేక ప్రాంతాలకు నీరు వచ్చేది రోజు విడిచి రోజు. వదలని వేళల్లో గొట్టం ఖాళీ అయి, లోపల ఒత్తిడి పోయి, పక్కనే పారే మురుగును చిల్లుల గుండా పీల్చుకుంటుంది. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన మంచినీరు తాగి పలువురు మరణించిన ఘటన, క్లోరిన్ తగ్గించమనే సలహా ఇక్కడ ఎంత అర్థరహితమో చెబుతుంది. ఆ పైన వచ్చిన నీటిని ఇళ్లవారు సంపులో పట్టి, అక్కడినుంచి డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకుకు ఎక్కిస్తారు. ఎండాకాలం ఆ ట్యాంకులో నీరు చేయి పెట్టలేనంతగా కాగుతుంది; మిగిలిన క్లోరిన్‌కూ సేంద్రియ పదార్థానికీ వేడి, తీరిక రెండూ అక్కడ దొరుకుతాయి.

డెల్టా పల్లెల పరిస్థితి ఇంకో తీరు. వేసవిలో కాలువలు కట్టేసే నెలల కోసం కాలువనీటిని సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో, ఊరి మంచినీటి చెరువుల్లో నింపి ఉంచుతారు. పొలాల నుంచి, కొన్నిచోట్ల రొయ్యల, చేపల చెరువుల నుంచి వచ్చిన పోషకాలతో మే నెల నాటికి ఆ నీరు నాచు పట్టి పచ్చబారుతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పదనమూ తోడవుతుంది. వడపోత పడకల ఇసుక మార్చి ఎన్నాళ్లయిందో తెలియని చోట, ఆ నీటికి పంచాయతీ సిబ్బంది ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ అంచనా మీద కలుపుతారు. ఉపఉత్పన్నాలు పెరగడానికి పుస్తకాల్లో చెప్పే పరిస్థితులన్నీ, సేంద్రియ పదార్థం, బ్రోమైడ్, వేడి, నిలవ సమయం, లెక్కలేని మోతాదు, ఒకేచోట సమకూడుతున్నాయి. ఇక్కడ చేయవలసింది క్లోరిన్ మానడం కాదు. చెరువును నాచు నుంచి కాపాడి, పడకలను బాగుచేసి, తేటపడిన నీటికే దాన్ని కలపడం.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ఈ పదార్థాలను మరిచిపోలేదు. 2012 నాటి సవరణలో లీటరుకు క్లోరోఫామ్ 0.2, బ్రోమోఫామ్ 0.1, డైబ్రోమోక్లోరోమీథేన్ 0.1, బ్రోమోడైక్లోరోమీథేన్ 0.06 మిల్లీగ్రాములని విడివిడిగా హద్దులున్నాయి. నాలుగింటి మొత్తానికి అమెరికా పెట్టిన 80 మైక్రోగ్రాములతో పోలిస్తే క్లోరోఫామ్ ఒక్కదానికే ఇక్కడ 200 అనుమతించడం చూసి ఉలిక్కిపడనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ 300. అమెరికా అంకె మొత్తం కుటుంబానికి ఆనవాలుగా, సాధ్యాసాధ్యాలు చూసి పెట్టినది. తక్కినవి ఒక్కో పదార్థపు విషాన్ని బట్టి లెక్కగట్టినవి. అదే ప్రమాణం వినియోగదారుడి కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని కూడా చెబుతుంది. ఈ రెండో అంకెను లైన్‌మన్ చేతిలోని క్లోరోస్కోప్ చూపిస్తుంది. దాని చిన్న పరీక్షనాళికలో నీరు పట్టి, రెండు చుక్కల మందు వేస్తే తేలే పసుపు రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకుంటే చాలు. మొదటి అంకెలకు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ కావాలి, దాన్ని నడిపే రసాయనవేత్త కావాలి. అందువల్ల ఆచరణలో రోజూ కొలిచేది క్లోరిన్ ఉందా లేదా అన్నదే. అది దేనితో చర్య జరిపి ఏమైందన్నది కొలిచే రోజులు తక్కువ.

పెద్ద నగరాల జలమండళ్లకు ఆ పరికరాలు భారం కావు. కేంద్రం దగ్గర, సగం దారిలో, చివర, మూడుచోట్ల మూడు నెలలకోసారి నాలుగు ట్రైహాలోమీథేన్లు కొలిచి, ఆ అంకెలను నీటి బిల్లు వెనుక అచ్చువేయడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు. ఒక్క షరతు మాత్రం ఉంది: సీసా నింపవలసింది రిజర్వాయరు పక్కనున్న ఆఫీసు కుళాయి దగ్గర కాదు, లైను ఆఖరున, నీరు అన్నిటికన్నా ఆలస్యంగా చేరే ఇంటి దగ్గర, అదీ ఏడాదిలో ఒక్కసారైనా మే నెలలో.